జబ్బు లేదంటారు, మందు వేసుకోమంటారు. ఇదేం లెక్క?

ఏలూరు దగ్గర పల్లె నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను:

"డాక్టరు గారికి నమస్కారం. మా మామగారికి 68 ఏళ్ళు. నెల క్రితం ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. తెమడ పరీక్షలో పాజిటివ్ వచ్చింది, గవర్నమెంటు మందులు వాడుతున్నారు, దగ్గు తగ్గింది. పోయిన వారం ఆశా అమ్మాయి వచ్చి ఇంట్లో అందరూ పీహెచ్‌సీకి వచ్చి పరీక్ష చేయించుకుని మాత్రలు వేసుకోవాలని చెప్పింది. మా ఆయనకి 38 ఏళ్ళు, షుగర్ ఉంది, వారానికి ఒకటి రెండు సార్లు తాగుతారు. ఆయన పీహెచ్‌సీకి వెళ్ళకుండా టౌన్లో ఒక ల్యాబ్‌లో టీబీ గోల్డ్ అనే రక్త పరీక్ష చేయించుకుంటే పాజిటివ్ వచ్చింది. ఆ రోజు నుంచి ఆయనకి నిద్ర లేదు. మాకు తొమ్మిదేళ్ళ పాప, మూడేళ్ళ బాబు. బాబుకైతే చేతి మీద సూది వేసి చేసే చర్మం టెస్టు కూడా అక్కర్లేదు, మందు మొదలుపెట్టేద్దాం అని పీహెచ్‌సీలో అన్నారట. పరీక్ష లేకుండా పసివాడికి మందెలా పోస్తాం? అత్తగారేమో జబ్బు లేనోళ్ళకి మందులేంటి, లివర్ పాడైపోద్ది, ఊళ్ళో తెలిస్తే పరువు పోద్ది అంటున్నారు. మామగారి కంచం, గ్లాసు వేరుచేశారు. పాపని బడి మాన్పించమంటున్నారు. నేను గర్భం రాకుండా మాలా-ఎన్ మాత్రలు వాడుతున్నాను, అది కూడా చెప్పాలా? ఏం చేయమంటారు?"

అమ్మా, ముందు మీ ఆయన్ని పడుకోమనండి. టీబీ గోల్డ్ పాజిటివ్ అంటే ఆయనకి టీబీ జబ్బు వచ్చిందని కాదు. టీబీ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు ఆయన ఒంట్లోకి వచ్చిందని, ఒళ్ళు దాన్ని గుర్తుపట్టిందని అర్థం. అంతవరకే. అది నిన్న వచ్చిందా, చిన్నప్పుడు వచ్చిందా, ఇప్పుడు నిద్రలో ఉందా, లేచి కూర్చుందా అన్న సంగతి ఆ పరీక్ష చెప్పలేదు. పెద్ద డబ్బులు తీసుకుని చేసే పరీక్ష కదా, అన్నీ చెప్పేస్తుందనుకుంటారు జనం. చెప్పదు.

మన దేశంలో 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ సర్వేలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో వందకి సుమారు 31 మంది ఒంట్లో ఈ క్రిమి ఆనవాలు కనిపించింది. అంటే మీ వీధిలో సంతకి వెళ్ళే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. వీళ్ళెవరూ దగ్గట్లేదు, ఎవరికీ అంటించట్లేదు. నివురుగప్పిన నిప్పు అంటామే, అలాంటిదన్నమాట. ఇక్కడ చాలామంది భయపెట్టడానికి ఆ మాట వాడి ఆపేస్తారు, రెండో సగం చెప్పరు: ఆ నిప్పు ఎక్కువమందిలో జీవితాంతం రాజుకోదు. క్రిమి సోకినవాళ్ళు వందమంది ఉంటే వాళ్ళలో మొత్తం జీవితకాలంలో జబ్బు పడేది ఐదు నుంచి పది మంది. మిగతావాళ్ళు ఇంకేదో కారణంతోనే పోతారు, ముసలితనంతోనే పోతారు.

మరి అలాంటప్పుడు మాత్రలెందుకు, అత్తగారు అన్నది నిజమే కదా అంటారా? ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ ఐదు పది మందిలో దాదాపు సగం మంది, క్రిమి సోకిన మొదటి రెండేళ్ళలోనే జబ్బు పడతారు. దారినపోయే మనిషికి పాజిటివ్ వస్తే అది ఇరవై ఏళ్ళనాటిది కావచ్చు, పట్టించుకోనక్కర్లేకపోవచ్చు. మీ ఇంట్లో అలా కాదు, మామగారు నెల క్రితం దాకా మీ మధ్య కూర్చుని దగ్గారు. పైగా మీ ఆయనకి షుగర్. షుగర్ ఉన్నవాళ్ళకి క్రిమి లేచే అవకాశం మామూలు మనిషికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుకే సర్కారు ఊరందరికీ మందు ఇవ్వట్లేదు, టీబీ వచ్చినవాళ్ళ ఇంట్లోవాళ్ళని, హెచ్ఐవీ ఉన్నవాళ్ళని, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళని, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళని వెతికి మరీ ఇస్తోంది. 2021కి ముందు ఇంట్లో ఆరేళ్ళలోపు పిల్లలకి మాత్రమే ఇచ్చేవాళ్ళం. ఆ ఏడాది జూలైలో కొత్త మార్గదర్శకాలు వచ్చి ఇంట్లో అన్ని వయసులవాళ్ళకీ దారి తెరిచాయి.

"ఇచ్చేవాళ్ళం" అన్నాను కానీ, నిజం చెప్పాలంటే కాగితం మీద ఇచ్చేవాళ్ళం. నేను పీహెచ్‌సీలో కొత్తగా చేరిన రోజుల్లో ఒకాయనకి తెమడ పాజిటివ్ వస్తే మందులిచ్చి పంపాను, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడగలేదు. నాలుగు నెలలకి ఆయన రెండేళ్ళ కూతుర్ని మెడ బిగుసుకుపోయి, స్పృహ లేకుండా ఎత్తుకొచ్చారు. మెదడు పొరలకి పాకిన టీబీ. పిల్ల బతికింది. నడక మాత్రం సరిగ్గా రాలేదు. రోజుకో చిన్న మాత్ర ఆరు నెలలు ఇచ్చుంటే చాలావరకు తప్పేది. తప్పు నాది, ఆ రిజిస్టర్‌లో సంతకం కూడా నాదే.

కాబట్టి మీ బాబు సంగతి ముందు మాట్లాడుకుందాం, ఇంట్లో అందరికన్నా తొందర వాడికే. ఐదేళ్ళలోపు పిల్లల్లో క్రిమి సోకితే అది జబ్బుగా మారడం పెద్దవాళ్ళలోకన్నా చాలా ఎక్కువ. ఏడాదిలోపు పసికందుల్లో సోకినవాళ్ళలో దాదాపు సగం మంది జబ్బు పడతారు. మూడేళ్ళకి అంత ఉండదు కానీ, వస్తే మెదడుకో, ఒళ్ళంతానో పాకే రకం రావచ్చు. పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా అలాంటి ప్రమాదకరమైన టీబీ నుంచి కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. ఇక చర్మం టెస్టు ఎందుకు వద్దన్నారంటే, పసిపిల్లల ఒళ్ళు ఆ టెస్టుకి సరిగ్గా స్పందించకపోవచ్చు, నెగెటివ్ వచ్చినా నమ్మి వదిలేయలేం. పైగా క్రిమి సోకాక టెస్టు పాజిటివ్‌గా మారడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఫలితం ఎలా వచ్చినా మందు ఇవ్వాల్సిందే అయినప్పుడు పసివాడికి సూది గుచ్చి ఏడిపించడం ఎందుకు? మీకు నిర్లక్ష్యంలా కనిపించింది కానీ, ఆలోచించి పెట్టిన రూలు అది.

అయితే ఒక షరతు ఉంది, దీని దగ్గర మాత్రం మొహమాటపడకండి. చర్మం టెస్టు అక్కర్లేదు గానీ జబ్బు లేదని చూడటం అందరికీ కావాలి, బాబుకి కూడా. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు చెమటలు పట్టడం, ఈ నాలుగూ అడగాలి. పిల్లాడికైతే బరువు పెరగట్లేదా, ఆటల మీద ధ్యాస లేదా, మెడ దగ్గర బిళ్ళలు కట్టాయా అని చూడాలి. మీ ఇద్దరికీ, అత్తగారికీ, పాపకీ ఛాతీ ఎక్స్‌రే తీయాలి. ఏ చిన్న అనుమానం ఉన్నా తెమడ తీసి, అందులో టీబీ క్రిమి జన్యువుని వెతికే సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ చేయాలి. ఎందుకింత పట్టు పడుతున్నానంటే, నిద్రపోయే క్రిములు ఒంట్లో కొన్నే ఉంటాయి, వాటికి ఒకటి రెండు మందులు చాలు. జబ్బుగా మారాక కోట్లలో ఉంటాయి, అప్పుడు నాలుగు మందులు కలిపి కొట్టాలి. జబ్బు ఉన్నదని తెలియక ఈ చిన్న కోర్సు ఇచ్చేస్తే క్రిమి చావదు సరికదా, ఆ మందుకి మొండిగా తయారవుతుంది. "ఎక్స్‌రే తర్వాత తీద్దాం, ముందు మాత్రలు తీసుకెళ్ళండి" అని ఎవరైనా అంటే, తీసుకోండి గానీ వేసుకోవద్దు. ఎక్స్‌రే ఎక్కడ తీస్తారో అడిగి అది అయ్యాకే మొదలుపెట్టండి. మీ పీహెచ్‌సీలో మిషన్ లేకపోతే ఏరియా ఆసుపత్రికి రాసిస్తారు.

ఇంకో ప్రశ్న మీరు అడగలేదు, చాలామంది అడగరు. మామగారి సీబీనాట్ లేదా ట్రూనాట్ రిపోర్టులో రిఫాంపిసిన్‌కి లొంగే టీబీయేనా, మొండి టీబీయా అన్న లైను ఒకటి ఉంటుంది. ఆ కాగితం వెతికి పీహెచ్‌సీకి పట్టుకెళ్ళండి. మీకు ఆయన నుంచే సోకి ఉంటుంది కాబట్టి ఆయన క్రిమి దేనికి లొంగుతుందో మీదీ దానికే లొంగాలి. మొండి టీబీ అయితే మీకిచ్చే మందు వేరే, ఆరు నెలలు లెవోఫ్లోక్సాసిన్ అనే మందు. ఆయనకి మామూలు మందులతో దగ్గు తగ్గిందంటున్నారు కాబట్టి మామూలు టీబీయే అయ్యుంటుందని అనిపిస్తోంది, అయినా కాగితం చూడాల్సిందే.

పరీక్షల గురించి నాలుగు మాటలు. పీహెచ్‌సీలో చేతి మీద వేసే పాత టెస్టు మాంటూ. సూది వేశాక రెండు మూడు రోజులకి, అంటే 48 నుంచి 72 గంటల మధ్య మళ్ళీ వెళ్ళి చూపించుకోవాలి. చూసేది ఎరుపు కాదు, చేతికి తగిలే గట్టిదనం. పది మిల్లీమీటర్లు దాటితే పాజిటివ్, హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి ఐదు చాలు. బీసీజీ వేయించుకున్నవాళ్ళలో అప్పుడప్పుడు ఉత్తి పాజిటివ్ వస్తుంది, అది దీని లోటు. పెద్ద లోటు ఇంకోటి, అది మన జీవితాల్లోది: రెండోసారి వెళ్ళడానికి ఇంకో రోజు కూలి పోతుంది, అందుకే చాలామంది చూపించుకోవడానికి రారు, టెస్టు వృథా. ఇప్పుడు పెద్దవాళ్ళకి సై-టీబీ అనే కొత్త చర్మం టెస్టు వచ్చింది, పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తుంది, 2022లో మన దేశంలో అనుమతి దొరికింది. బీసీజీతో తికమక పడదు. దీనికీ రెండోసారి వెళ్ళక తప్పదు. మీ ఆయన చేయించుకున్న టీబీ గోల్డ్, రక్తకణాలు టీబీ క్రిమిని గుర్తుపడుతున్నాయా అని చూసే ఇగ్రా రకం రక్త పరీక్ష, మంచిదే, ఆ రిపోర్టు పీహెచ్‌సీలో చూపించండి, మళ్ళీ చర్మం టెస్టు అక్కర్లేదు. కానీ ఎవరైనా ఐజీజీ, ఐజీఎం అని రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ చెబుతామంటే డబ్బులివ్వకండి. అలాంటి పరీక్షల్ని మన ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. ఏ టెస్టూ దొరకని చోట, జబ్బు లేదని తేలితే ఇంట్లోవాళ్ళకి టెస్టు లేకుండానే మందు ఇవ్వొచ్చు. టెస్టు కిట్లు అయిపోయాయని మందు ఆపడం తప్పు, మీకలా చెబితే ఈ మాట గుర్తుచేయండి.

సరే, మందు. రెండు రకాల్లో ఏదో ఒకటి ఇస్తారు. పాతది ఐసోనియాజిడ్ ఒక్కటే, రోజూ, ఆరు నెలలు. కొత్తది ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికి ఒక్కసారి, పన్నెండు వారాలు, మొత్తం పన్నెండు డోసులు. దీన్నే 3హెచ్‌పీ అంటారు. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి ఇది ఇవ్వరు. మీ బాబుకి ఏది అన్నది బరువు తూచి డాక్టరు చెబుతారు. నన్నడిగితే పెద్దవాళ్ళకి వారానికోసారి వేసుకునే కోర్సే మేలు, ఆరు నెలలు రోజూ మాత్ర గుర్తుపెట్టుకునే ఓపిక ఏ జబ్బూ లేని మనిషికి ఎక్కడుంటుంది? వారంలో ఒక రోజు పెట్టుకోండి, ఆదివారం మాత్రం వద్దు, తాగాలని మనసు లాగే రోజు అది. అందరూ ఒకే రోజు వేసుకుంటే ఒకళ్ళకొకళ్ళు గుర్తుచేసుకుంటారు. 3హెచ్‌పీ స్టాక్ లేదంటే ఎదురుచూస్తూ నెలలు గడపొద్దు, ఐసోనియాజిడ్ ఇవ్వమనండి. అన్నీ ఉచితమే.

మీ ఆయన మద్యం గురించి కటువుగానే చెప్తాను. అత్తగారు లివర్ అన్నది గాలి మాట కాదు, ఐసోనియాజిడ్ కొద్దిమందిలో లివర్‌ని ఇబ్బంది పెడుతుంది, తాగేవాళ్ళలో ఆ ప్రమాదం ఎక్కువ. కాబట్టి మొదలుపెట్టే ముందు ఆయనకి లివర్ పరీక్ష రాయమనండి, కోర్సు అయ్యేదాకా చుక్క ముట్టకూడదు. మూడు నెలలు. మానలేనంటే ఆ విషయం డాక్టరుకి నిజంగా చెప్పాలి, దాచిపెట్టి రెండూ నడపకూడదు. ఇంకొకటి, రిఫాపెంటిన్ కొన్ని షుగర్ మాత్రల పనిని తగ్గించేస్తుంది, ఆయన గ్లిమిపిరైడ్ లాంటిది వాడుతుంటే షుగర్ పెరగొచ్చు. ఆయన వాడే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్ళమనండి. కాళ్ళ తిమ్మిర్లు రాకుండా బి6 విటమిన్ మాత్ర కూడా అడగండి, షుగర్ ఉన్నవాళ్ళకి అది మరీ అవసరం.

మీ మాలా-ఎన్ సంగతి తప్పకుండా చెప్పాలి, అడిగి మంచిపని చేశారు. రిఫాపెంటిన్ వేసుకుంటున్నన్నాళ్ళూ ఆ మాత్రలు నమ్ముకోవడానికి లేదు. కోర్సు అయ్యేదాకా, అయ్యాక ఇంకో నెల కూడా నిరోధ్ వాడండి, లేదా ఏఎన్ఎంతో మాట్లాడి కాపర్-టీ సంగతి ఆలోచించండి. ఇప్పటికే నెల తప్పిందని ఏ మాత్రం అనుమానమున్నా ముందే చెప్పండి, మందు మారుతుంది.

3హెచ్‌పీ వేసుకున్నాక మూత్రం నారింజ రంగులోకి వస్తుంది, చెమట, కన్నీళ్ళు కూడా. ఇది రంగే, రోగం కాదు. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోవడం వల్ల మొదటి డోసుకే భయపడి మానేసినవాళ్ళని ఎంతోమందిని చూశాను. కొందరికి వేసుకున్న కొన్ని గంటలకి ఒళ్ళునొప్పులు, కొంచెం జ్వరం, తల తిరగడం ఉంటుంది, ఒకరోజులో పోతుంది. కానీ అన్నం సహించకపోవడం, ఆగని వాంతులు, కుడివైపు డొక్కలో నొప్పి, కళ్ళు పచ్చబడటం, మందు వేసుకోని రోజుల్లో కూడా మూత్రం చిక్కటి టీ డికాక్షన్‌లా రావడం, ఇవి వస్తే తర్వాతి డోసు వేసుకోకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. సోమవారం దాకా ఆగొద్దు. ఆశా అమ్మాయి నంబరు మీ ఫోన్లో ఉండాలి, ఎవరూ దొరక్కపోతే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666.

అత్తగారి ప్రశ్నకి నాకు నచ్చిన జవాబు ఒకటుంది, వీలైతే ఆవిడకి చదివి వినిపించండి. 1950ల చివర్లో అలాస్కాలో బెతెల్ అనే చోట టీబీ విపరీతంగా ఉండేది. జార్జ్ కామ్‌స్టాక్ అనే డాక్టరు అక్కడి ఇళ్ళలో సగానికి ఐసోనియాజిడ్, సగానికి ఉత్తి మాత్రలు ఇచ్చి చూశాడు. మందు వేసుకున్నవాళ్ళలో టీబీ సుమారు 70 శాతం తగ్గింది, ఆ రక్షణ పంతొమ్మిదేళ్ళ తర్వాత కూడా కనిపించింది. ఏ జబ్బూ లేనివాళ్ళకి మందెలా వేస్తావని ఆయన్నీ అడిగే ఉంటారు. ఆయన తానూ వేసుకున్నాడు, భార్యాపిల్లలకీ వేశాడు.

కంచం, గ్లాసు మాత్రం రేపే కలిపేయండి. టీబీ గాలిలో వస్తుంది, దగ్గులోంచి వస్తుంది, కంచంలో రాదు. అరవైల ముందు టీబీ అంటే శానిటోరియం, మన మదనపల్లె ఆరోగ్యవరంలా కొండగాలి తగిలే చోట నెలల తరబడి ఉంచేవాళ్ళు. ఇంట్లో ఉంచి మందులిస్తే మిగతావాళ్ళకి అంటుతుందేమో అని మద్రాసులో పరీక్షించి చూశారు, ఫలితం వచ్చింది: మందులు సరిగ్గా వాడితే ఇంట్లో ఉన్న రోగి వల్ల ఇంట్లోవాళ్ళకి అదనంగా ముప్పు ఏమీ లేదు. వాళ్ళకి సోకాల్సింది అప్పటికే, రోగం బయటపడకముందే సోకేసింది. ప్రపంచం మొత్తం శానిటోరియంలు మూసేయడానికి ఆ మద్రాసు ఫలితం ఒక పెద్ద కారణం. మీ మామగారు నెలరోజులుగా మందు వాడుతున్నారు, దగ్గు తగ్గింది. కిటికీలు తీసి ఉంచండి, దగ్గేటప్పుడు తుండుగుడ్డ అడ్డం పెట్టుకోమనండి, చాలు. ఆయన పక్కన కూర్చుని తినండి.

తిండి అంటే గుర్తొచ్చింది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో జరిగిన రేషన్స్ అనే పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. టీబీ రోగుల ఇంట్లోవాళ్ళకి నెలనెలా బియ్యం, పప్పు లాంటివి అదనంగా ఇస్తే వాళ్ళలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. మాత్ర కాదు, పప్పు! మామగారికి టీబీ రోగుల తిండికి సర్కారు డబ్బిచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకి వెయ్యి రూపాయలు రావాలి, 2024 నవంబరు నుంచి ఐదువందలు వెయ్యి చేశారు. బ్యాంకు ఖాతా నంబరు సరిగ్గా ఎక్కిందో లేదో, టీబీ రోగుల మందుల సంగతి చూసే సూపర్‌వైజరైన ఎస్‌టీఎస్‌ని అడగండి. ఆ డబ్బుతో వచ్చే గుడ్లు, పప్పు ఆయన ఒక్కరికే దాచిపెట్టకండి, పిల్లలకీ పెట్టండి.

కోర్సు అయ్యాక మీ ఆయన మళ్ళీ టీబీ గోల్డ్ చేయించుకుంటానంటారు, నాకు తెలుసు. వద్దనండి. మందు పనిచేసినా ఆ పరీక్ష పాజిటివ్‌గానే ఉండిపోవచ్చు, మళ్ళీ ఆయనకి నిద్ర కరువవుతుంది. రెండు వారాలు దాటి దగ్గు వస్తే మాత్రం ఎప్పుడైనా తెమడ పరీక్షకి వెళ్ళాలి, అది కోర్సు చేసినా చేయకపోయినా.

ఊళ్ళో పరువు గురించి నేనేం చెప్పినా అత్తగారు వినకపోవచ్చు. ఆశా అమ్మాయిని మందులు ఇంటికి తేవొద్దని, మీరే పీహెచ్‌సీకి వచ్చి తీసుకుంటామని చెప్పండి, ఒప్పుకుంటారు.

పాపకి దగ్గు, జ్వరం లేకుండా, ఎక్స్‌రే బాగుంటే తన వల్ల ఎవరికీ ఏమీ అంటదు, మాత్రలు వేసుకుంటూనే బడికి వెళ్ళొచ్చు. ఎక్స్‌రేకి ఒక పూట మాన్పించండి, అంతే.